అలా... వీధి చివరిదాకా!

పదివేల అడుగులు వేయలేమని అసలు గడపే దాటనివాళ్లు మన ఇళ్లల్లో ఎంతోమంది. నిజానికి నడక చేసే మేలులో పెద్ద వాటా మొదటి కొద్ది అడుగులదే. ఒంటికీ అంతే, మనసుకీ అంతే.

అమ్మ పోయాక నాన్న అరుగు మీద కుర్చీలో కూర్చుండిపోయారు. ముప్ఫై ఏళ్లకు పైగా బడికి నడిచి వెళ్లి, నడిచి వచ్చిన లెక్కల మాస్టారు ఆయన. రాజమండ్రిలో మా వీధివాళ్లు ఆయన చెప్పుల చప్పుడు విని టైము చెప్పేవాళ్లు. అలాంటి మనిషి ఆరు నెలల్లో మంచానికీ కుర్చీకీ మధ్య తిరిగే మనిషైపోయారు. పాదాలు వాచాయి. షుగర్ పెరిగింది. రాత్రిళ్లు కంటి మీద కునుకు లేదు. అన్ని పరీక్షలూ చేయించాక "మాస్టారూ, రోజూ గంటసేపు నడవండి" అన్నారు డాక్టరుగారు. నాన్న తలూపారు. ఇంటికొచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. ఆ గంట ఆయనకు కొండంత కనిపించింది.

ఒకరోజు సాయంత్రం పాలప్యాకెట్టు తేవడానికి బయల్దేరుతూ, "నాన్నా, అలా వీధి చివరిదాకా వెళ్లొద్దాం, రండి" అన్నాను. ఏమనుకున్నారో, చెప్పులేసుకున్నారు. వేపచెట్టు దాకా వెళ్లి వెనక్కి తిరిగాం. రెండు వందల అడుగులు ఉంటాయేమో! మర్నాడు సాయంత్రం నేను పిలవకముందే ఆయన గేటు పట్టుకుని నిలబడి ఉన్నారు.

నడక గురించి ఏ పరిశోధన చదివినా నాకు ఆ రెండు వందల అడుగులే గుర్తొస్తాయి. బాగా నడిచేవాళ్లు ఇంకా నడిస్తే వచ్చే లాభం కొంచెమే. అస్సలు నడవనివాళ్లు కాస్త నడిస్తే వచ్చే లాభం చాలా ఎక్కువ. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి లెక్కలు కట్టి తేల్చిన సంగతి ఇది.

పదివేల లెక్క ఎక్కడిది?

1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. ఆ ఊపులో జపాన్ జనానికి వ్యాయామం మీద మోజు పెరిగింది. మరుసటి ఏడాది యమాసా అనే కంపెనీ నడుముకు తగిలించుకునే చిన్న మీటరు ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని పేరు 'మాన్‌పో-కేయ్', అంటే పదివేల అడుగుల మీటరు. గుండ్రటి అంకె, ఇట్టే గుర్తుండే అంకె. అలా ఒక వస్తువుకు పెట్టిన పేరు ఊరూరా పాకి, చివరికి మన ఫోన్లలోకీ చేతి గడియారాల్లోకీ వచ్చి కూర్చుంది.

మరి ఎన్ని అడుగులు వేస్తే మంచిది? హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం 2019లో దీనికి సమాధానం చెప్పింది. సగటున 72 ఏళ్ల వయసున్న దాదాపు 17 వేలమంది మహిళలకు అడుగులు లెక్కించే పరికరం పెట్టి, ఆ తర్వాత నాలుగేళ్లకు పైగా వాళ్ల ఆరోగ్యాన్ని గమనించింది. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసినవాళ్లతో పోలిస్తే 4,400 వేసినవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. అడుగులు పెరిగేకొద్దీ మేలూ పెరిగింది కానీ 7,500 దగ్గరకు వచ్చేసరికి అది నిలకడగా ఆగింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ నడుస్తారు కదా అనే అనుమానం ఎవరికైనా వస్తుంది. ఉన్న జబ్బుల్నీ అలవాట్లనీ లెక్కలోకి తీసుకుని చూసినా తేడా అలాగే కనిపించింది.

2,700కీ 4,400కీ మధ్య ఉన్నది 1,700 అడుగులు. తీరిగ్గా నడిచినా పావుగంట, ఇరవై నిమిషాల పని. ఈ సంగతి నాన్నకు చదివి వినిపిస్తే ఆయన తన పద్ధతిలో తేల్చేశారు: "సున్నాకీ ఒకటికీ ఉన్నంత తేడా ఒకటికీ వందకీ కూడా ఉండదురా!"

కండక్టరు మెట్లు

కదిలే మనిషి గుండెకూ కదలని మనిషి గుండెకూ ఉన్న తేడాను లెక్కలతో చూపించినవాళ్లలో తొలి పేరు బ్రిటన్ వైద్యుడు జెర్రీ మోరిస్‌ది. అప్పట్లో లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో తిరిగేవాళ్లు. జీవితాలూ ఇంచుమించు ఒకలాంటివే. అయితే డ్రైవరు డ్యూటీ అంతా సీట్లో కూర్చునేవాడు. కండక్టరు టికెట్లు కొడుతూ కిందికీ పైకీ రోజుకు వందల మెట్లు ఎక్కి దిగేవాడు. 1953లో అచ్చైన మోరిస్ అధ్యయనంలో కండక్టర్లకు గుండెజబ్బులు డ్రైవర్లకన్నా బాగా తక్కువని తేలింది. వచ్చినా అంత ప్రాణాంతకం కాలేదు. ఇంటింటికీ ఉత్తరాలు పంచే పోస్టుమ్యాన్లనూ ఆఫీసు బల్లల దగ్గర కూర్చునే ఉద్యోగులనూ పోల్చి చూసినా అదే తీరు. ఆ కండక్టర్లెవరూ వ్యాయామం చేయాలని మెట్లెక్కలేదు. ఉద్యోగం చేసుకున్నారు, గుండె దానంతటదే బాగుపడింది.

నడిచినప్పుడు మన పిక్కలు కూడా చిన్న గుండెల్లా పనిచేస్తాయి. అడుగు పడినప్పుడల్లా పిక్క కండరం బిగిసి, కాళ్లలోని రక్తాన్ని పైకి నెడుతుంది. సిరల్లోని కవాటాలు దాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. గంటల తరబడి కూర్చుంటే ఈ పంపు ఆగిపోతుంది, పాదాల్లో నీరు చేరుతుంది. నాన్న విషయంలో జరిగింది ఇదే. కాళ్ల వాపుకు గుండె, కిడ్నీ, కాలేయ సమస్యలూ కారణం కావచ్చు కాబట్టి ముందు వైద్యుడికి చూపించుకోవాలి. అవేవీ లేవని తేలాకే మేం వీధిలోకి అడుగుపెట్టాం.

"మోకాళ్లు అరిగిపోతాయండీ" అని నడక మానేసేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మోకీలులోని మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు లేవు. కీలులో ఉండే జిగురులాంటి ద్రవమే దానికి పోషణ. అడుగు వేసినప్పుడు ఆ మృదులాస్థి స్పాంజిలా నొక్కుకుని, అడుగు తీసినప్పుడు ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. ఓ మోస్తరు నడక దానికి అన్నం పెట్టడం లాంటిది. తీవ్రమైన నొప్పి, వాపు ఉంటే మాత్రం వైద్యుడి సలహా తప్పదు.

అన్నం తిన్నాక పావుగంట

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్లమంది దాని గుమ్మంలో నిలబడి ఉన్నారు. మూడు పూటలా అన్నం తినే మనకు ఈ అంకెలు దూరపువి కావు.

మామూలుగా రక్తంలోని చక్కెర కండరంలోకి వెళ్లాలంటే ఇన్సులిన్ తలుపు తీయాలి. మధుమేహుల్లో ఆ తలుపు బిగుసుకుపోతుంది. కండరం కదిలినప్పుడు ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండా మరో తలుపు తెరుచుకుంటుంది. అందుకే భోజనమయ్యాక వేసే అడుగులకు అంత విలువ. మధుమేహం వచ్చే అవకాశమున్న పెద్దవాళ్ల మీద చేసిన పరిశోధన ఒకటి 2013లో వెలువడింది. పొద్దున ఒకేసారి 45 నిమిషాలు నడవడం, మూడు పూటలా తిన్న తర్వాత పదిహేనేసి నిమిషాలు నడవడం రెండూ రోజు మొత్తమ్మీద చక్కెరను తగ్గించాయి. రాత్రి భోజనం తర్వాత పెరిగే చక్కెరను అదుపు చేయడంలో మాత్రం పావుగంట నడకే మెరుగు. తిన్నాక నూరడుగులు వేయమని పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు.

చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం చేపట్టిన భారత మధుమేహ నివారణ అధ్యయనం 2006లో మరో ధైర్యం ఇచ్చింది. మధుమేహపు అంచున ఉన్నవాళ్లు తిండిలో మార్పులు చేసుకుని, రోజూ కనీసం అరగంట చురుగ్గా నడిస్తే జబ్బు వచ్చే ముప్పు నాలుగో వంతుకు పైగా తగ్గింది. అందరూ మనలాంటివాళ్లే, మన తిండి తినేవాళ్లే.

"నిన్న రాలేదేం?"

నెల తిరిగేసరికి మా నడక సాయంత్రం నుంచి పొద్దుటికి మారి, వేపచెట్టు దాటి గోదావరి గట్టు చేరింది. అక్కడ తెల్లవారుజామున ఒక లోకం ఉంటుంది. పుష్కర ఘాట్ వైపు నుంచి వచ్చేవాళ్లు, కోటిలింగాల వైపు వెళ్లేవాళ్లు, పాత హేవలాక్ వంతెన కేసి చూస్తూ నిలబడేవాళ్లు. మొదటి వారం నాన్నను ఎవరూ పలకరించలేదు. రెండో వారంలో ఒకాయన తలూపాడు. తర్వాత నాన్నకు జ్వరమొచ్చి ఒకరోజు ఆగిపోతే, మర్నాడు ఆయనే ఎదురొచ్చి "మాస్టారూ, నిన్న రాలేదేం?" అని అడిగాడు. ఇంటికొచ్చాక నాన్న ఆ మాట మూడుసార్లు చెప్పారు. తాను రాకపోతే లోటు చూసే మనిషి ఇంటి బయట ఒకడున్నాడన్న సంగతి ఆయనకు ఏ మాత్రకన్నా ఎక్కువగా పనిచేసింది.

అమ్మ గురించి ఆయన తొలిసారి నోరు విప్పింది కూడా నడకలోనే. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన నడుస్తుంటే వచ్చాయి. ఒకరి కళ్లలోకి ఒకరు చూడనక్కర్లేదు. మాట ఆగిపోతే నది ఉంది, గాలి ఉంది, అడుగుల చప్పుడు ఉంది. మౌనం బరువనిపించలేదు. మీ ఇంట్లో మాట్లాడని పిల్లవాడున్నా, అలిగిన భార్యో భర్తో ఉన్నా ఒకసారి పక్కన నడిచి చూడండి.

మెదడులోనూ మార్పు జరుగుతుంది. జ్ఞాపకాలను దాచే 'హిప్పోక్యాంపస్' అనే భాగం వయసుతో కుంచించుకుపోతుంది. 2011లో అమెరికాలో 120 మంది వృద్ధుల మీద చేసిన అధ్యయనం వెలువడింది. సగంమంది వారానికి మూడు రోజులు నడిచారు, క్రమంగా నలభై నిమిషాల దాకా పెంచారు. ఏడాది తర్వాత వాళ్లలో ఆ భాగం సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసిన మిగతా సగంమందిలో తగ్గింది. పొద్దుటి వెలుగు కళ్లకు తగిలితే ఒంటిలోని గడియారం సర్దుకుని, రాత్రి నిద్ర వేళకు వస్తుంది. నాన్నకు పోయిన నిద్ర గట్టు మీదే దొరికింది.

ఆమె కోసం ఓ ఇరవై నిమిషాలు

"ఇంట్లో పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాగా, మళ్లీ నడకెందుకు?" అంటారు మన ఇళ్లల్లో ఆడవాళ్లు. ఇంటిపనిలో వేసే అడుగులూ అడుగులే. వాటికీ ఫలముంది. కానీ వంటింటికీ పెరటికీ మధ్య అడుగు అడుగుకీ ఆగాలి, ఊపిరి వేగం పెరగదు. పొయ్యి మీద పాలు, పిల్లల బాక్సు, అత్తగారి మందులు, ఆ తిరుగుడులో మనసుకు తీరిక ఉండదు. ఆమెను నడవమని చెప్పేముందు ఆ ఇరవై నిమిషాల పని ఇంట్లో మరొకరు అందుకోవాలి. వీధిలో వీలుకాకపోతే డాబా ఉంది, అపార్టుమెంటు వరండా ఉంది.

మున్సిపాలిటీలకూ ఓ మాట. విశాఖలో పొద్దున పూట బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపితే జనం ఎంత హాయిగా నడుస్తారో చూస్తున్నాం. నడవడానికి చోటు ఇస్తే మనిషి నడుస్తాడు. ఫుట్‌పాత్ లేని ఊరిలో నడవమని చెప్పడం, పళ్లెం ఇవ్వకుండా భోంచేయమన్నట్టే.

మొదలుపెడదామా?

• దూరం: మొదటి వారం వీధి చివరిదాకా చాలు. వారం వారం ఐదేసి నిమిషాలు పెంచండి. వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు చురుగ్గా కదలాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఒకేసారి నడవాలనేమీ లేదు, పది నిమిషాల ముక్కలైనా లెక్కే.

• వేగం: మాట రావాలి, పాట రాకూడదు. హాయిగా పాడగలుగుతున్నారంటే కాస్త జోరు పెంచండి. మాటే రావడం లేదంటే తగ్గించండి.

• మధుమేహులు: చెప్పులు లేకుండా నడవద్దు. పాదాల్లో స్పర్శ తగ్గితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఇంటికొచ్చాక అరికాళ్లు చూసుకోండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు జేబులో చక్కెర బిళ్ల ఉంచుకోవాలి.

• ఆగాల్సిన సమయం: ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం. వీటిలో ఏది కనిపించినా నడక ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

• ఎండాకాలం: పొద్దెక్కకముందే ముగించండి. నీళ్లసీసా మరవద్దు.

• కొండెక్కేవాళ్లు: అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఏడాదంతా కూర్చుని ఒక్కరోజులో మొక్కు తీర్చుకోబోతే గుండె మీద భారం పడుతుంది. రెండు నెలల ముందు నుంచే రోజూ నడవండి. ఆ రెండు నెలల నడకనూ మొక్కులో కలిపేసుకోండి.

ఇప్పుడు నాన్నకు డెబ్బై ఎనిమిది. షుగర్ మందులు పూర్తిగా మానలేదు కానీ డాక్టరుగారు మోతాదు తగ్గించారు. పాదాల వాపు పోయింది. అమ్మ లేని లోటు అలాగే ఉంది. దాన్ని మోస్తూ నడవడం నేర్చుకున్నారు.

మొన్నామధ్య మా ఎదురింటి పెద్దాయనకు ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చి నెల దాటినా అరుగు దిగడం లేదు. డాక్టరు నడవమన్నారని, ఈయన వినడం లేదని ఇంట్లోవాళ్లు వాపోయారు. ఆ సాయంత్రం నాన్న వాళ్ల గేటు తీసుకుని లోపలికి వెళ్లారు. గంటని గానీ, అడుగులని గానీ అనలేదు. గుమ్మం పక్కనున్న చెప్పులు రెండూ తీసి ఆయన పాదాల ముందు పెట్టి, "ఏవండీ, అలా వేపచెట్టు దాకా వెళ్లొద్దాం, రండి" అన్నారు.