ఆరేళ్ల లెక్క

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లున్నాయి. వాటిలో 29 అమెరికాలో ఉంటే, ఒకటి కెనడాలోని టొరంటోలో ఉంది. ఒక్కో జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది. మైదానంలో ఫీల్డింగ్‌కు నిలబడేది తొమ్మిది మందే అయినా బరిలోకి దిగడానికి 26 మంది సిద్ధంగా ఉంటారు. వాళ్లతో కలిపి 40 మందితో ఇంకో జాబితా ఉంటుంది. దాని కింద చిన్న పట్టణాల్లో ఆడే మైనర్ లీగ్ జట్లలో మేజర్ లీగ్ పిలుపు కోసం ఎదురుచూసే కుర్రాళ్లు ఉంటారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆటలుండవు. ఆ చలికాలమంతా అభిమాని చూసేది ఈ జాబితాలనే: ఎవరొచ్చారు, ఎవరు పోయారు, ఎవరి ఒప్పందం ఎప్పటితో ముగుస్తుంది.

ఈ జాబితాలను నడిపే ముఖ్యమైన నిబంధనలు చాలావరకు ఏదో ఒక సమ్మె, లాకౌట్ లేదా మధ్యవర్తి తీర్పు తర్వాత కుదిరిన రాజీలే. తన జట్టు తనకిష్టమైన ఆటగాణ్ణి ఎందుకు వదులుకుంది అని అడిగే అభిమానికి జవాబు మేనేజర్ గదిలో దొరకదు. యజమానులూ ఆటగాళ్ల సంఘమూ సంతకాలు పెట్టిన ఒప్పందంలో దొరుకుతుంది.

మొదట్లో ఆటగాడికి జట్టు మారే హక్కే లేదు. 1879లో నేషనల్ లీగ్ యజమానులు తలా ఐదుగురు ఆటగాళ్లను తమకే అట్టిపెట్టుకోవాలని లోపాయికారీగా ఒప్పుకున్నారు. క్రమంగా ఆ కట్టడి అందరు ఆటగాళ్లకూ పాకింది. అదే రిజర్వ్ క్లాజ్. కాగితం మీద ఒప్పందం ఏడాదికే. అయితే ఆటగాడు సంతకం పెట్టకపోయినా జట్టు దాన్ని మరో ఏడాదికి పొడిగించుకోవచ్చు. పొడిగించిన ఒప్పందంలోనూ అదే షరతు ఉంటుంది కాబట్టి ఆ పొడిగింపుకు అంతే లేదని యజమానుల వాదన. ఏడాది జీతానికి కుదిరిన పాలేరైనా ఉగాదికి లెక్క తేల్చుకుని మరో కామందు దగ్గర చేరగలిగేవాడు. బేస్‌బాల్ ఆటగాడికి ఆ వీలు కూడా లేదు. జట్టు అమ్మితే అమ్ముడుపోవాలి, మార్చితే మారాలి, కాదంటే ఆట మానేయాలి. 1922లో అమెరికా సుప్రీంకోర్టు గుత్తాధిపత్య నిరోధక చట్టాలు బేస్‌బాల్‌కు వర్తించవని తీర్పు చెప్పడంతో యజమానులకు చట్టం అండ కూడా దొరికింది.

ఈ కట్టును ఎదిరించి కోర్టుకెక్కినవాడు కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టులో పన్నెండేళ్లు ఆడిన పేరున్న ఫీల్డరు. 1969 అక్టోబరులో జట్టు అతన్ని అడక్కుండానే ఫిలడెల్ఫియాకు మార్చేసింది. తనను సరుకులా కొనడానికీ అమ్మడానికీ వీల్లేదని ఆ డిసెంబరులో లీగ్ కమిషనర్ బౌయీ కూన్‌కు ఉత్తరం రాశాడు. అప్పటికి అతని జీతం ఏడాదికి 90 వేల డాలర్లు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే కాబట్టి, ఇంత తీసుకుంటూ ఇంకేం కావాలని తిట్టిపోసినవాళ్లకు కొదవలేదు. 1972లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 1970 సీజనంతా ఆటకు దూరంగా ఉన్న ఫ్లడ్, 1971లో వాషింగ్టన్ తరఫున పదమూడు ఆటలు ఆడి శాశ్వతంగా తప్పుకున్నాడు. తర్వాతి తరాలు సంపాదించిన కోట్లలో ఒక్క డాలరూ అతనికి దక్కలేదు. ఇప్పుడు లీగ్‌లో పదేళ్లు, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో గడిపిన ఆటగాణ్ణి అతని సమ్మతి లేకుండా మార్చకూడదనే నిబంధన ఉంది. దాన్ని ఫ్లడ్ పేరుతోనే పిలుస్తారు. ఆటగాళ్లు అతనికి తీర్చుకున్న రుణం అంతమాత్రమే.

కోర్టులో దొరకనిది బేరసారాల బల్ల దగ్గర దొరికింది. 1966లో ఆటగాళ్ల సంఘం పగ్గాలు పట్టిన మార్విన్ మిల్లర్ అంతకుముందు ఉక్కు కార్మికుల సంఘంలో ఆర్థికవేత్త. అతను వచ్చేనాటికి ఆటగాడి కనీస జీతం 6 వేల డాలర్లు. 1968లో కుదిరిన తొలి సామూహిక ఒప్పందం దాన్ని 10 వేలకు చేర్చింది. 1970 ఒప్పందంలో మిల్లర్ సాధించిన మరో షరతు పైకి చిన్నదిగా కనిపిస్తుంది: వివాదం వస్తే తేల్చేది కమిషనర్ కాదు, బయటి మధ్యవర్తి. చరిత్రను మార్చింది అదే. 1975లో ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచ్చర్లు ఒప్పందంపై సంతకం పెట్టకుండానే ఆడి, ఆపైన తాము స్వేచ్ఛాపరులమని వాదించారు. పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి ఆ డిసెంబరు 23న తీర్పిచ్చాడు. ఒక ఏడాది పొడిగింపు అంటే ఒక్క ఏడాదే, కలకాలం కాదు. యజమానులు అతన్ని వెంటనే తొలగించారు కానీ తీర్పు నిలిచింది.

ఇక్కడ మిల్లర్ వేసిన అడుగును అభిమానులు సరిగా గుర్తించరు. అందరు ఆటగాళ్లనూ ఏటా విడిచిపెట్టేద్దామని ఓక్లాండ్ యజమాని చార్లీ ఫిన్లీ సూచించాడు. మిగతా యజమానులు ఒప్పుకుంటారేమోనని మిల్లర్ భయపడ్డాడు. సరుకంతా ఒకేసారి సంతకొస్తే ధర పడిపోతుందన్నది రైతు ఎరిగిన లెక్కే. అందుకే 1976లో, యజమానులు వేసిన లాకౌట్ తర్వాత, రెండు పక్షాలూ ఆరేళ్ల సర్వీసు దగ్గర రాజీ పడ్డాయి. ఆరేళ్లు పూర్తయ్యాక ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అవుతాడు, ఏ జట్టుతోనైనా బేరమాడుకోవచ్చు. ఈనాటి జట్ల కూర్పంతా ఆ ఆరు అనే అంకె చుట్టూనే తిరుగుతోంది.

ఆ ఆరేళ్లూ ఒకేలా ఉండవు. సాధారణంగా మొదటి మూడేళ్లు ఆటగాడు కనీస జీతానికి దగ్గరగా ఆడతాడు. తర్వాతి మూడేళ్లు జీతం కుదరకపోతే మధ్యవర్తుల ముందుకు వెళ్లవచ్చు. 1973 లాకౌట్ సమయంలో కుదిరిన ఈ పద్ధతిలో జట్టు ఒక అంకె, ఆటగాడు ఒక అంకె చెబుతారు. మధ్యవర్తులు రెండిట్లో ఒకదాన్నే ఎంచుకోవాలి, నడుమ మొత్తం చెప్పడానికి వీల్లేదు. అత్యాశకు పోయినవాడు ఓడిపోతాడు కాబట్టి ఇద్దరూ నేలమీదే ఉంటారు. ఏడో ఏడు నుంచి బజారు ధర. 2024 డిసెంబరులో హువాన్ సోటో న్యూయార్క్ మెట్స్‌తో కుదుర్చుకున్న పదిహేనేళ్ల ఒప్పందం విలువ 76.5 కోట్ల డాలర్లు. ఇలాంటి అంకెలే పత్రికల్లో కనిపిస్తాయి. ఇరవై రెండేళ్లకు లీగ్‌లో అడుగుపెట్టినవాడు ఇరవై ఎనిమిదేళ్ల దాకా, అంటే ఒంట్లో సత్తువ నిండుగా ఉన్న కాలమంతా, ఒకే జట్టుతో కట్టుబడి ఉంటాడన్న సంగతి అంతగా కనిపించదు.

కాబట్టి డబ్బు తక్కువున్న జట్టు చేయగలిగేది స్పష్టం. కుర్రాళ్లను తీర్చిదిద్ది, ఆరేళ్ల లోపు గెలిచి, గడువు దగ్గరపడ్డవాణ్ణి ధనిక జట్టుకు ఇచ్చి బదులుగా మళ్లీ కుర్రాళ్లను తెచ్చుకోవాలి. ఈ లెక్కను ఆటగా మలిచిన జట్టు ఓక్లాండ్ అథ్లెటిక్స్. 2002లో బిల్లీ బీన్ నడిపిన ఆ జట్టు సుమారు 4 కోట్ల డాలర్ల జీతాల ఖర్చుతో 103 ఆటలు గెలిచింది. వరసగా ఇరవై గెలుపులు కూడా ఆ ఏడే. అదే ఏడు న్యూయార్క్ యాంకీస్ ఖర్చు అందుకు దాదాపు మూడు రెట్లు. మిగతా జట్లు చూస్తున్న చోటు వదిలి, బ్యాటర్ ఎంత తరచుగా బేస్ చేరుతున్నాడన్న అంకెను పట్టుకోవడం ఓక్లాండ్ తెలివి. తర్వాత ఆ తెలివి అందరికీ వచ్చింది.

ఆ లెక్క చీకటి వైపుకూ పోయింది. కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అడుగున నిలిచిన జట్టుకే తొలి అవకాశం దక్కేది. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2011లో 106, 2012లో 107, 2013లో 111 ఆటలు ఓడింది. ఖరీదైన ఆటగాళ్లను వదిలించుకుని వరసగా మూడు డ్రాఫ్టుల్లో మొదటి ఎంపిక సంపాదించింది. 2017లో టైటిల్ గెలిచింది. ఆ గెలుపుపై ఎదుటి జట్టు సంకేతాలను దొంగిలించిన మచ్చ తర్వాత పడింది, అది వేరే కథ. ఓడిన ఆ మూడేళ్లలో టికెట్టు కొని స్టేడియానికి వచ్చిన కుటుంబానికి జట్టు ఏమిచ్చిందన్నది మాత్రం వేరే కథ కాదు. గెలవడానికి ప్రయత్నించని జట్టును చూడటానికి డబ్బు తీసుకోవడం అన్యాయం.

చికాగో కబ్స్ క్రిస్ బ్రయంట్ విషయంలో చేసింది ఇంకా సున్నితమైన పని. ఆరు నెలల సీజన్‌లో 172 రోజులు జట్టులో ఉంటే ఒక ఏడాది సర్వీసు. 2015 వసంతంలో సన్నాహక ఆటల్లో తొమ్మిది హోమ్ రన్లు కొట్టిన బ్రయంట్‌ను కబ్స్ మైనర్ లీగ్‌కు పంపి, ఏప్రిల్ 17న పిలిచింది. ఆ ఏడాది అతని సర్వీసు 171 రోజులు. ఒక్క రోజు తగ్గడంతో జట్టుకు అతనిపై మరో ఏడాది పట్టు దొరికింది. ఆ సీజన్‌లో ఉత్తమ కొత్త ఆటగాడిగా, మరుసటి ఏడు లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. అతని ఫిర్యాదును మధ్యవర్తి 2020లో కొట్టేశాడు. చాలామంది అభిమానులు ఆనాడు జట్టు తెలివిని మెచ్చుకున్నారు. ఈ రెండు దశాబ్దాల్లో వచ్చిన మార్పు ఇదే: అభిమాని కూడా యజమాని గుమస్తాలా ఆలోచించడం నేర్చుకున్నాడు. ఆటగాడి ఆట గురించి మాట్లాడాల్సిన చోట, వాడు ఇంకా ఎన్నేళ్లు చవగ్గా దొరుకుతాడని లెక్కలేస్తున్నాడు.

సమ్మెలు కూడా ఎక్కువగా ఈ లెక్క మీదే వచ్చాయి. 1972 తొలి సమ్మె మాత్రం పింఛన్ల కోసం, 86 ఆటలు రద్దయ్యాయి. 1981లో, ఫ్రీ ఏజెంట్‌ను పోగొట్టుకున్న జట్టుకు బదులుగా ఆటగాణ్ణి ఇవ్వాలని యజమానులు పట్టుబట్టడంతో వేసవి నడిమధ్యలో ఆట ఆగింది. 700కు పైగా ఆటలు పోయాయి. సీజన్‌ను రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ముందున్నవాళ్లను ప్లేఆఫ్స్‌కు పంపారు. మొత్తం సీజన్‌లో అందరికంటే మెరుగైన రికార్డున్న సిన్సినాటి రెడ్స్ ఏ ముక్కలోనూ ముందు లేక ఇంటిదారి పట్టింది. 1985 నుంచి మూడు చలికాలాలు యజమానులు ఫ్రీ ఏజెంట్లను కొనకుండా కూడబలుక్కున్నారు. ఆ నేరానికి చివరికి 28 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. 1994లో వాళ్లు జీతాలపై గరిష్ఠ పరిమితి కోరినప్పుడు ఆటగాళ్లు ఒక్క మాటా నమ్మకపోవడానికి ఆ గాయమే కారణం.

1994 ఆగస్టు 12న సమ్మె మొదలైంది. ఆ రోజుకు లీగ్‌లో అన్నిటికన్నా ముందున్న జట్టు మాంట్రియల్ ఎక్స్‌పోస్, 74 గెలుపులు, 40 ఓటములు. జీతాల ఖర్చులో అది అట్టడుగు జట్లలో ఒకటి. పెడ్రో మార్టినెజ్, లారీ వాకర్, మొయిసెస్ అలూ, మార్క్విస్ గ్రిసమ్ వంటివాళ్లు నిండిన ఆ జట్టును మొయిసెస్ తండ్రి ఫెలిపే అలూ నడిపాడు. ఆరేళ్ల లెక్కను అంత నిజాయితీగా, అంత అందంగా వాడుకున్న జట్టు మరొకటి లేదు. పంట చేతికొచ్చే వేళ వడగళ్లు పడ్డాయి. సెప్టెంబరు 14న తాత్కాలిక కమిషనర్ బడ్ సీలిగ్ మిగతా సీజన్‌నూ, దాంతోపాటు టైటిల్ తేల్చే వరల్డ్ సిరీస్‌నూ రద్దు చేశాడు. రెండు ప్రపంచ యుద్ధాలు కూడా ఆపలేకపోయిన వరల్డ్ సిరీస్ 1904 తర్వాత జరగనిది ఆ ఒక్క ఏడే.

మరుసటి వసంతంలో యజమానులు బదులు ఆటగాళ్లను తెచ్చి సీజన్ నడపబోయారు. 1995 మార్చి 31న ఫెడరల్ న్యాయమూర్తి సోనియా సోటోమయోర్ పాత ఒప్పంద షరతులనే కొనసాగించాలని ఆదేశించడంతో 232 రోజుల సమ్మె ముగిసింది. ఆమే తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆట మొదలైంది కానీ ఆ ఏడు సగటు ప్రేక్షకులు సుమారు 20 శాతం తగ్గారు. మాంట్రియల్‌లో తగ్గింది ప్రేక్షకులు మాత్రమే కాదు. ఆ ఏప్రిల్‌లో కొద్ది రోజుల్లోనే గ్రిసమ్, కెన్ హిల్, జాన్ వెటిలాండ్‌లను జట్టు ఇచ్చేసింది. వాకర్ కొలరాడోకు వెళ్లిపోయాడు. 1997 చివర్లో మార్టినెజ్ బోస్టన్ చేరాడు. 2004తో మాంట్రియల్‌లో మేజర్ లీగ్ ఆటే ముగిసి, జట్టు వాషింగ్టన్‌కు తరలిపోయింది. ఆ పతనానికి సమ్మె ఒక్కటే కారణం కాదు. పాత స్టేడియం, బలహీనమైన కెనడా డాలరు, డబ్బు పెట్టని యజమానులు కూడా ఉన్నారు. అయినా 1994 అక్టోబరు ఆటలు జరిగి ఉంటే ఏమయ్యేదని ఆ నగరం ఇప్పటికీ అడుగుతుంది.

జీతాలపై పరిమితి రాలేదు. దాని బదులు లగ్జరీ ట్యాక్స్ వచ్చింది. ఒక గీత దాటి ఖర్చు పెట్టిన జట్టు పన్ను కడుతుంది. 2022లో ఆ గీత 23 కోట్ల డాలర్లు, 2026కు 24.4 కోట్లు. మొదటిసారి దాటితే పైమొత్తం మీద 20 శాతం, వరసగా రెండోసారికి 30, మూడోసారి నుంచి 50. ధనిక జట్ల ఆదాయంలో కొంత పేద జట్లకు పంచే పద్ధతీ ఉంది. అయితే పంచిన డబ్బు ఆటగాళ్ల మీదే ఖర్చవుతుందన్న భరోసా లేదు.

2021 డిసెంబరు 2న యజమానులు మళ్లీ తలుపులు మూశారు. 99 రోజుల తర్వాత, 2022 మార్చి 10న, 162 ఆటల్లో ఒక్కటీ పోకుండా ఒప్పందం కుదిరింది. ఈసారి ఆటగాళ్లు పోరాడింది ప్రధానంగా కుర్రాళ్ల కోసం. కనీస జీతం 5,70,500 డాలర్ల నుంచి 7 లక్షలకు, 2026కు 7.8 లక్షలకు పెరిగింది. మొదటి మూడేళ్లలో బాగా ఆడినవాళ్లకు ఏటా 5 కోట్ల డాలర్ల నిధి ఏర్పడింది. తొలి ఆరు డ్రాఫ్ట్ ఎంపికలు లాటరీకి వెళ్లాయి, కావాలని ఓడిపోవడంలో లాభం తగ్గింది. ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగులో మొదటి రెండు స్థానాలు పొందినవాళ్లకు ఎప్పుడు పిలిచినా పూర్తి ఏడాది సర్వీసు ఇస్తారు. బ్రయంట్‌కు జరిగింది అలాంటివాడికి మళ్లీ జరగకుండా ఇదొక అడ్డు.

అదే ఏడు సెప్టెంబరులో మైనర్ లీగ్ ఆటగాళ్లు 5 వేల మందికి పైగా సంఘంలో చేరారు. అభిమానుల చర్చల్లో దీనికి దక్కిన చోటు చాలా తక్కువ, దక్కాల్సింది చాలా ఎక్కువ. మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద ఆడేవాడి ఏడాది జీతం 17,500 డాలర్లు, అడుగు మెట్టు మీదివాడిది 4,800. సీజన్ ముగిశాక కూలి పనులు చేసుకుంటూ బతికినవాళ్లు వాళ్లలో ఎందరో. 2023లో కుదిరిన తొలి ఒప్పందం ఆ జీతాలను 35,800కూ 19,800కూ పెంచింది.

ఆరేళ్ల నిబంధన మాత్రం కదలలేదు. లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ 2023 డిసెంబరులో షోహెయ్ ఓతానితో 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అందులో 68 కోట్లు అతను ఆడే పదేళ్లూ గడిచాకే చెల్లిస్తుంది. ఆ జట్టు 2024, 2025 టైటిళ్లు గెలవడంతో జీతాలపై పరిమితి పెట్టాలన్న కోరిక మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. చిన్న నగరాల అభిమానుల్లో చాలామంది దాన్ని సమర్థిస్తున్నారు, వాళ్ల బాధ నిజమైనదే. కానీ పైన గీత గీసి కింద గీత గీయకపోతే మిగిలేది యజమాని లాభమే. కుర్రాడి తొలి ఆరేళ్ల ధర గురించి ఆ గీత ఏమీ చెప్పదు. ఇప్పటి ఒప్పందం గడువు 2026 డిసెంబరు 1.