ఊరూ పేరూ లేని సమాధులు

తెలుగునాట పెద్దలకు పెట్టుకొనుట ఏ ఒక్క కులమునకో పరిమితమైన ఆచారము కాదు. మహాలయపక్షమున తర్పణము విడుచువారు తండ్రి, తాత, ముత్తాత అను మూడు తరములవారిని పేరు చెప్పి పిలుతురు. సంక్రాంతినాడు క్రొత్తబట్టలు పెట్టి మ్రొక్కువారును, పెత్తర అమావాస్యనాడు విస్తరి వడ్డించువారును, గతించినవారిని పేరు పెట్టియే తలచుకొందురు. పేరు తెలియనివారికి పెట్టుట యెట్లు? మనకు ఇది శాస్త్రచర్చవలె తోచవచ్చును. హిందూమహాసముద్రమునకు ఆవలి యొడ్డున, దక్షిణాఫ్రికాలోని నేటాలు సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు మాత్రము ఇది ఇంటింటి ప్రశ్న. వారి ముత్తాతలు ఆ నేలలోనే ఉన్నారు. ఏ దిబ్బ క్రింద ఉన్నారో తెలియదు.

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అను ఓడ చెన్నపట్టణమునుండి డర్బను రేవు చేరెను. అందులో 342 మంది ఉండిరి. నేటాలు చెరకుతోటలకు ఒడంబడిక కూలీలుగా వచ్చిన తొలి భారతీయులు వారే. 1866 మొదలు 1874 వరకు కలిగిన విరామమును మినహాయించినచో, 1911 వరకు ఓడలు వచ్చుచునే ఉండెను. అట్లు చేరినవారి మొత్తము 1,52,184. వీరిలో సుమారు మూడింట రెండు వంతులవారు చెన్నపట్టణమున ఓడ యెక్కినవారు. తక్కినవారు కలకత్తామీదుగా వచ్చినవారు. చెన్నపట్టణపు ఓడలలో అరవవారితో పాటు విశాఖపట్టణము, గంజాము, గోదావరి, ఉత్తర ఆర్కాటు మొదలగు జిల్లాల తెలుగువారును ఉండిరి. ఒడంబడిక ఐదేండ్లకు. మొదటి ఏట నెలకు పది షిల్లింగులు. ఆపైన ఏటేటికి ఒక్కొక్క షిల్లింగు హెచ్చు. ధాత కరవువంటి క్షామములు కొందరిని, తీరని అప్పులు కొందరిని, ఇంటి కలహములు మరికొందరిని ఇల్లు కదలించెను. కూలీలను కూర్చువారి తీయని మాటలు అందరిని ఓడ యెక్కించెను.

ఐదేండ్లు ముగియకమునుపే కన్నుమూసినవారు పెక్కురు. ప్రయాణపు బడలిక, అలవాటులేని నేల, క్షయ, గ్రహణి, తోటలోని కఠినశ్రమ వారిని క్రుంగదీసెను. తోట అంచున, చెరకు పండని వాలులోనో వాగుగట్టుననో విడిచిన బీడు వారికి శ్మశానమయ్యెను. దహనమునకు వసతి లేనిచోట ఖననమే గతి. అదియునుగాక, తెలుగునాట పెక్కు కులములలో ఖననము పూర్వమునుండియు ఉన్న ఆచారమే. శిలపై పేరు చెక్కించుట పది షిల్లింగుల జీతగానికి శక్యమైన పని కాదు. చెక్కిన అక్షరమును చదువగలవారును అరుదు. కొయ్యగుర్తు పాతినచోట దానిని చెదలు తినెను. మట్టిదిబ్బ నాలుగు వానకాలములకు నేలతో సమమయ్యెను.

అయితే శిల లేకపోవుట ఒక్కటే ఈ మరపునకు కారణమని తలచరాదు. మన పల్లెలలో మాత్రము ఎన్ని సమాధులపై పేర్లున్నవి? చింతతోపులో మూడవ దిబ్బ తాతదని, గట్టువారనున్నది చిన్నతనమున పోయిన మేనత్తదని ఇంటివారు తడుముకొనకుండ చెప్పుదురు. కొడుకు తండ్రివెంట పోయి చూచును. వాని కొడుకు వానివెంట పోయి చూచును. అక్షరము చేయవలసిన పనిని అలవాటు చేయుచుండును. ఆ అలవాటు నిలుచుటకు కుటుంబము ఊరు విడువకుండుట ఒక్కటే చాలును.

నేటాలులో ఆ ఒక్కటే కొరవడెను. ఒడంబడిక ముగిసిన కూలీ మరియొక తోటకో, బొగ్గుగనికో, రైలుదారి పనికో, డర్బను చుట్టునున్న కూరగాయల మళ్లకో తరలిపోయెను. 1895 నాటి శాసనము ఈ కదలికను హెచ్చించెను. ఆపైన ఒడంబడికకు వచ్చినవాడు గడువు తీరిన పిదప మరల కూలికి కుదురవలెను, లేదా స్వదేశమునకు మరలవలెను. రెండును చేయనిచో ఏటేట మూడు పౌనుల పన్ను కట్టవలెను. 1913లో కూలీలు చేసిన గొప్ప సమ్మె తరువాత, 1914లో ఆ పన్ను రద్దయ్యెను. అటుపిమ్మట 1950లో ఒక్కొక్క జాతివారు ఒక్కొక్క ప్రాంతముననే నివసింపవలెనన్న చట్టము వచ్చి, కుదురుకొన్న కుటుంబములను సయితము ఇండ్లనుండి పెకలించెను. దిబ్బ ఒకచోట, దానిని వ్రేలితో చూపగల ముసలమ్మ మరియొకచోట అయిరి. ఆమె గతించినతో ఆ దిబ్బ రెండవమారు మట్టిలో కలిసెను.

మట్టి మరచినదానిని కాగితము కొంత దాచినది. నేటాలులో దిగిన ప్రతి కూలీకిని ఒక సంఖ్య యేర్పడెను. దాని కెదురుగా మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది మచ్చ, తెచ్చిన ఓడ, కుదుర్చుకొన్న యజమాని మొదలగు వివరములను గుమాస్తాలు ఓడల జాబితాలలో వ్రాసిరి. తరువాతి కాగితములలోను ఆ సంఖ్యయే మనిషిని వెన్నాడెను. పనివానిని పశువువలె లెక్కపెట్టుటకు పుట్టిన ఆ సంఖ్య నేడు అతని మునిమనుమల చేతికి దొరకిన మొదటి దారపుకొస. ఆ జాబితాలను ఇప్పుడు కంప్యూటరులో వెదకుటకును వీలు కలిగినది.

కాని తెలుగువాని అసలు ఆనవాలునకు ఆ జాబితాలో గడి లేదు. మనకు ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనుక. ఊరిలో పదిమంది వెంకన్నలున్నను ఇంటిపేరు చెప్పినచో వాడెవడో తెలిసిపోవును. గుమాస్తా ఇంటిపేరు అడుగలేదు, కూలీ చెప్పలేదు. కులమునకు గడి యున్నను, తొలి జాబితాలలో కొందరి పేర్లకు ఎదురుగా ‘జెంటూ’ అని కనబడును. అది కులము పేరు కాదు. పోర్చుగీసు మాటనుండి పుట్టి, ఆంగ్లేయుల నోట తెలుగువారికిని తెలుగుభాషకును స్థిరపడిన పేరు. ఇట్లు వచ్చినవాని పేరే రెండవతరమునకు ఇంటిపేరయ్యెను. కొన్ని కుటుంబములలో నాయుడు, రెడ్డి, చెట్టి అను బిరుదములు ఆ స్థానమున నిలిచెను. కావున నేటాలులో ఇరువురు నాయుడులు చుట్టములు కానక్కరలేదు. ఒక తల్లి బిడ్డల సంతతికి రెండు ఇంటిపేర్లు ఏర్పడుటయు కలదు.

అయినను పేర్లు పూర్తిగా మూగబోలేదు. అప్పలసామి, సింహాద్రి, పైడమ్మ అను పేర్లు చెవిని పడగానే విశాఖసీమవాడు తన వాడకట్టువారిని తలచుకొనును. ఆ పేర్లలో సింహాచలపు అప్పన్నయు, విజయనగరపు పైడితల్లియు పలుకుచున్నారు. జిల్లాల పేర్లను చదువుటకు మాత్రము కొంత చరిత్రజ్ఞానము కావలెను. ‘ఉత్తర ఆర్కాటు’ అని చూచి, తాము అరవవారమని భ్రమపడుటకు అవకాశము కలదు. చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువరకు ఉత్తర ఆర్కాటులోనివే. ‘గంజాము’ అని చూచి, తమది ఒడియాసీమ యని తలచుటయు అట్టిదే. ఇచ్ఛాపురము, టెక్కలి ప్రాంతములు 1936లో ఒడిస్సా రాష్ట్రము ఏర్పడువరకు గంజాములోనివే.

ఇక వెదకువిధము. అది ఇంటిలోని పెట్టెనుండి మొదలగును. ఒడంబడిక తీరినప్పుడు ఇచ్చిన పత్రమో, పాత వివాహపు కాగితమో దొరకినచో అందు సంఖ్య యుండును. సంఖ్యను బట్టి ఓడయు, ఊరును, యజమానియు తెలియును. మరణము నమోదైన పత్రము దొరకినచో చివరిదినములలో ఏ తోటలో ఉన్నాడో తెలియును. అప్పుడు గాని ఆ తోట శ్మశానమునకు పోవుట సార్థకము కాదు.

అక్కడ నేలనే చదువవలెను. లోపలి మట్టి క్రుంగి పైన ఏర్పడిన నిలువెడు పొడవు గుంట, చుట్టునున్న గడ్డికంటె దట్టముగనో పలుచగనో పెరిగిన గడ్డి, తనంత తాను మొలవని చోట వరుసగా నిలిచిన చెట్లు, ఏరి తెచ్చి పేర్చినట్లున్న రాళ్లు: ఇవి ఆనవాళ్లు. దిక్కును చూడవలెను. హిందువులు సాధారణముగా తల దక్షిణమునకు ఉంచి పూడ్తురు. కావున గుంట ఉత్తరదక్షిణములుగా ఉండును. క్రైస్తవుల సమాధులు తూర్పుపడమరలుగా ఉండుట వాడుక. నేలలోనికి తరంగములను పంపి, అడుగున కదలిన మట్టిని కనుగొను రాడార్ యంత్రములును నేడు కలవు. త్రవ్వి చూడరాదు. 1999 నాటి దక్షిణాఫ్రికా వారసత్వ సంపదల చట్టము ప్రకారము, స్థానిక ప్రభుత్వముల నిర్వహణలోని శ్మశానమునకు వెలుపలనున్న అరువదేండ్లు దాటిన సమాధిని అనుమతి లేక కదలించుట నేరము. పేరు చెక్కియున్నదా లేదా యని ఆ చట్టము అడుగదు.

ఈ సాధనములన్నియు కలిసియు ఒక్క మాట చెప్పలేవు. ఇచట గోయి కలదని యంత్రము చెప్పును. గోతిలో ఎవరో చెప్పదు. ఈ తోటలో మరణించెనని కాగితము చెప్పును. ఎన్నవ వరుసలో పూడ్చిరో చెప్పదు. ఉదాహరణకు, ఒక కుటుంబము ముత్తాత సంఖ్యను, ఓడను, తోటను కనుగొని శ్మశానము చేరినదనుకొందము. ఎదుట నలువది గుంటలున్నవి. ఎవరి మనస్సైనను, పెద్దచెట్టు క్రిందనున్న ఆ గుంటయే మనవానిదని చెప్పును. అక్కడనే ఒక శిల నిలుపవలెనని తొందరపడును. ఆ తొందర సహజము, కాని ప్రమాదకరము. ఆ గుంట మరియొకని తాతదైనచో, నేడు నిలిపిన శిల రేపు వెదకవచ్చువానికి తలుపు మూసినట్లగును. మాసిపోయిన పేరును ఎన్నడైన కనుగొనవచ్చును. తప్పుపేరు చెక్కిన రాయి మాత్రము తరతరములకు నిజమై కూర్చుండును.

కనుక ఇట్టిచోట చేయదగినది, ఒక్కొక్క దిబ్బకు ఒక్కొక్క పేరు అతికించుట కాదు. ఆ తోటలో మరణించినట్లు కాగితములు తెలుపు వారందరి పేర్లను, ఊళ్లను, సంఖ్యలను ఒకే శిలపై చెక్కి, శ్మశానపు ముఖద్వారమున నిలుపుట మేలు. నలువదిమంది మునిమనుమలు నలువది గుంటలకును మ్రొక్కుదురు గాక. మన తర్పణవిధియందును దీనికి తావు కలదు. తన వారికి పేరుపేరున నీరు విడిచినపిమ్మట, నీరు విడుచువారెవరును లేనివారికి ఒక దోసిలి విడిచియే కర్త లేవవలెను. ఆ చివరి దోసిలిని ఏర్పరచిన పూర్వులు, పేరు మాసిపోవుట యెంత సులభమో ఎరిగినవారు.

ఈ వెదకులాట సముద్రమున కావలివైపుననే ముగియదు. తెలుగుపల్లెలలో పిచ్చుకుంట్లవారు ఏటేట వచ్చి, ఇంటిముందు నిలిచి, కాపుల రెడ్ల వంశక్రమములను గోత్రములతో చదివెడివారు. ఓడ యెక్కినవాని శాఖ ఆ పాటలో ‘దేశాంతరము పోయెను’ అన్నచోట ఆగిపోవుట సహజమే. ఆ తెగిన శాఖవారు ఇప్పుడు అప్పుడప్పుడు కాగితము చేతబట్టి మన ఊళ్లకు వచ్చుచున్నారు. ఆ కాగితముపై ఊరి పేరు ఆంగ్లలిపిలో ఉండును. వ్రాసిన గుమాస్తాకు తెలుగు రాదు. చెప్పిన కూలీకి ఆంగ్లము రాదు. అందుచేత ఆ అక్షరముల కూర్పు ఏ పటములోను దొరకదు. కంటికి అందని ఆ పేరు చెవికి అందవచ్చును. ఆ సీమలో పుట్టిన ముసలివారి ఎదుట నెమ్మదిగా నాలుగుమార్లు చదివినచో, ‘పేట’ ఎక్కడ మ్రింగబడినదో, ‘వలస’ ఎట్లు వంకరపోయినదో వారు పట్టుకొందురు.

కావున అట్టివారు వచ్చినప్పుడు, ‘ఈ పేరుగల ఊరు ఇక్కడ లేదు’ అని గుమ్మముననే పంపివేయరాదు. కూర్చుండబెట్టి, ఆ పేరును బిగ్గరగా చదివింపవలెను. ఊరిలో వయసు మీరినవారిని పిలిపింపవలెను. ఊరు దొరకినచో ఇంటిపేరు దొరకవచ్చును. ఇంటిపేరు దొరకినచో నేటాలులోని నలువది గుంటలలో ఒకదానికి, అది ఏదైనను, ఒక వంశము కలుగును. ఆ గుంట ఏదో తెలియకున్నను అక్కడ పండుకొన్నవాడు ఎవరో తెలియును.