కీళ్లవాతంలో పనిసామర్థ్యాన్ని కొలిచేదెలా?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం ఉన్నవారు తమ పనులు తాము ఎంతవరకు చేసుకోగలుగుతున్నారన్నది రక్తపరీక్షలో తెలియదు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ పరీక్షలు ఒంట్లో వాపు తీవ్రతను చూపిస్తాయి. ఎక్స్‌రేలో ఎముక అరుగుదల కనిపిస్తుంది. జాకెట్టు హుక్కులు పెట్టుకోగలుగుతున్నారా, కుళాయి తిప్పగలుగుతున్నారా అన్నది మాత్రం రోగినే అడగాలి.

1949లో అమెరికాలో స్టెయిన్‌బ్రాకర్ బృందం రోగులను నాలుగు తరగతులుగా విడదీసింది. అన్ని పనులూ చేసుకోగలవారు మొదటి తరగతి, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారు నాలుగో తరగతి. ఇది ముతక జల్లెడ. రోగి కాస్త కోలుకున్నా, కాస్త దిగజారినా ఏళ్ల తరబడి ఒకే తరగతిలో ఉండిపోవచ్చు.

1980లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఫ్రైస్ బృందం ప్రకటించిన హెల్త్ అసెస్‌మెంట్ క్వశ్చనీర్ ఆ లోటు తీర్చింది. క్లుప్తంగా దీన్ని 'హాక్' అంటారు. ఇందులో 20 ప్రశ్నలు, ఎనిమిది విభాగాలు: బట్టలు వేసుకోవడం, లేవడం, తినడం, నడవడం, స్నానాదులు, చేయి చాచి అందుకోవడం, పట్టు, బయటి పనులు. గడిచిన వారంలో ఒక్కో పని ఎలా సాగిందో రోగే గుర్తు పెడతారు. ఇబ్బంది లేకుంటే 0, కొంచెం ఉంటే 1, చాలా ఉంటే 2, అసలు చేయలేకపోతే 3. ఒక్కో విభాగంలో వచ్చిన పెద్ద అంకెనే లెక్కలోకి తీసుకుంటారు. చేతికర్రో, మరొకరి సాయమో కావాల్సి వస్తే ఆ విభాగానికి కనీసం 2 పడుతుంది.

ఉదాహరణకు ఎనిమిది విభాగాల అంకెలూ కలిపి 10 వచ్చాయనుకుందాం. ఎనిమిదితో భాగిస్తే స్కోరు 1.25. మెథోట్రెక్సేట్ అనే మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు ఆ మొత్తం 5కు తగ్గితే స్కోరు సుమారు 0.63 అవుతుంది. సాధారణంగా 0.22 తేడా ఉంటే రోగికి తెలిసేంత మార్పు వచ్చినట్టు భావిస్తారు. ఇక్కడ తగ్గింది దానికి రెండింతలకు పైనే.

అసలు చిక్కు ఏళ్లు గడిచేకొద్దీ మొదలవుతుంది. జబ్బు కొత్తలో స్కోరును పెంచేది ముఖ్యంగా వాపు, నొప్పి. మందు పనిచేస్తే స్కోరు చకచకా దిగుతుంది. పదేళ్ల తర్వాత కీలు వంకరపోయి, మృదులాస్థి అరిగిపోయాక పరిస్థితి వేరు. వాపు పూర్తిగా అణిగినా స్కోరు ఒక స్థాయి కిందికి రాదు. దానికి తోడు వయసు. కాబట్టి పాత రోగి స్కోరు తగ్గలేదంటే మందు పనిచేయలేదని తీర్మానించడం తొందరపాటే. అలాగని ఆ అంకెను తీసిపారేయడానికీ లేదు. ఉద్యోగం వదులుకోవాల్సి రావడం, ఆయుష్షు తగ్గడం వంటి ముప్పులను ముందుగా పసిగట్టడంలో ఇది బలమైన సూచిక అని దీర్ఘకాలిక అధ్యయనాల్లో తేలింది.

అమెరికా ప్రశ్నలు మన ఇళ్లకు అన్నీ సరిపోవు. మాంసం కోసుకోవడం, టబ్బులో స్నానం, వాక్యూమ్ క్లీనర్ వాడకం మనలో చాలామందికి దినచర్య కాదు. అందుకే 2002లో భారతీయ రూపం వచ్చింది. పన్నెండు ప్రశ్నలున్న ఇందులో చీర కట్టుకోవడం, మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని నేలమీద కూర్చోవడం, ఆటో ఎక్కి దిగడం, కూరగాయల మార్కెట్‌కు వెళ్లడం వంటివి చేరాయి. మోకాలు, తుంటి ఎంత ఇబ్బంది పెడుతున్నాయో వీటిలో కొన్ని ప్రశ్నలు చెబుతాయి.

ఈ కొలత ఒక్కసారి చేస్తే చాలదు. అదే ప్రశ్నపత్రాన్ని మూణ్నెల్లకో ఆర్నెల్లకో మళ్లీ నింపి, పాతదాని పక్కన పెట్టి చూడాలి. సర్దుకుపోవడం అలవాటైన రోగులు ఇబ్బందిని తక్కువ చేసి రాస్తుంటారు. ఇంట్లోవాళ్లు చేసిపెడుతున్న పనిని 'చేసుకోగలను' అని రాయకూడదు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రక్తపరీక్షల రిపోర్టులతో పాటు పాత స్కోరు కాగితాలూ ఫైల్లో ఉండాలి.