వార్త ఏ రోజున మొదలవుతుంది?

పెళ్లి చేసుకుంటానని నమ్మించి యువతిని వదిలేసిన ఉదంతం తెలుగు దినపత్రికల జిల్లా పేజీలకు చేరేది చాలాసార్లు ఆమె అతని ఇంటి ముందు బైఠాయించిన రోజునే. అప్పటికి అతను 'పరారీలో' ఉంటాడు కాబట్టి నెలల తరబడి సాగిన వంచనకు కర్త అయినవాడు వాక్యాల్లోంచి తప్పుకుంటాడు, కనిపించేదీ జవాబు చెప్పుకోవలసిందీ ఆమె ఒక్కతే అవుతుంది. నింద ఎవరిదన్నది శీర్షికలోని విశేషణాల కన్నా ముందు, కథను ఏ రోజు నుంచి ఎత్తుకున్నారన్న దానిలోనే తేలిపోతుంది.

శాంతో అయ్యంగార్ అనే రాజనీతి శాస్త్రవేత్త 1991లో ప్రచురించిన గ్రంథంలో టీవీ వార్తలను రెండు చట్రాలుగా విడదీశాడు. ఒక్క సంఘటననే చూపేది ఘటనా చట్రం, దాని వెనుక ఉన్న సామాజిక కారణాలను చూపేది విషయ చట్రం. మొదటి తరహా వార్తలు చూసినవారు తప్పును వ్యక్తుల మీదికి నెట్టడం ఎక్కువని ఆయన ప్రయోగాలు సూచించాయి. మరుసటి ఏడాది హెలెన్ బెనెడిక్ట్, లైంగిక నేరాల వార్తల్లో అమెరికన్ పత్రికలు బాధితురాలిని అయితే పవిత్రురాలిగా, లేకుంటే మగవాణ్ణి రెచ్చగొట్టినదానిగా నిలబెడతాయని వాదించింది. తెలుగు పేజీల్లో ఈ రెండు గదులకు 'అమాయకురాలు', 'వివాహేతర సంబంధం' అన్న బోర్డులు ఉన్నాయి.

1989లో ఈనాడు జిల్లా సంచికలు తెచ్చిన తర్వాత ఇతర పత్రికలూ అదే బాట పట్టడంతో మండల స్థాయి విలేకరి వ్యవస్థ విస్తరించింది. ఆ విలేకరికి నేరవార్త అందేది ఎక్కువగా ఠాణా నుంచే. 'మాయమాటలు చెప్పి లోబరుచుకున్నాడు' అన్న వాక్యం ఫిర్యాదు కాగితంలోంచి నేరుగా పత్రికలోకి నడిచి వస్తుంది. ఆ భాషకు చట్టమే కారణం. వాగ్దానం మొదటి నుంచీ బూటకమా, లేక నిజంగా చేసి తర్వాత నిలబెట్టుకోలేకపోయాడా అన్నదే కోర్టుల ప్రశ్న. మొదటిదైతే ఆమె సమ్మతి సమ్మతే కాదని, ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఒక అప్పీలులో 2006లో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 69వ సెక్షన్ ఇలాంటి వంచనకు పదేళ్ల వరకు శిక్ష విధించే వీలు కల్పించింది. మగవాడి మనసులోని ఉద్దేశం గురించి కోర్టు వేసే ప్రశ్న పత్రికకు చేరేసరికి 'ఆమె ఎందుకు నమ్మింది?'గా మారిపోతుంది.

గోదావరి ఒడ్డునున్న పినపాక వంటి ఏజెన్సీ మండలాల్లో ఈ మార్పు మరింత నష్టం చేస్తుంది. పక్కనే మణుగూరు పరిసరాల్లో సింగరేణి గనులు, భారజల కర్మాగారం, భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉన్నాయి. వాటి చుట్టూ బయటి నుంచి వచ్చిన ఉద్యోగులు, కాంట్రాక్టర్లు, వ్యాపారులు ఉన్నారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా 1/70 నిబంధన అడ్డుకుంటుంది గనుక, ఆదివాసీ స్త్రీతో సంబంధం పెట్టుకుని ఆమె పేర భూమి చేజిక్కించుకోవడం ఏజెన్సీకి కొత్త కాదు. ప్రతి ప్రేమనూ పట్టా కోసమేననడం అన్యాయమే అయినా, ఆ అనుమానాన్ని ఒక్కసారైనా పరిశీలించకుండా 'ప్రేమ వ్యవహారం' అని రాసేయడం అంతకన్నా పెద్ద అన్యాయం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, దళిత, ఆదివాసీ స్త్రీ ఇష్టాన్ని శాసించగల స్థితిలో ఉన్నవాడు ఆ స్థితిని వాడుకుని ఆమెను లైంగికంగా దోచుకోవడాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించింది. 2016 నుంచి అమలైన సవరణ, ప్రతిఘటించనంత మాత్రాన సమ్మతించినట్టు కాదనీ, నిందితుడితో పూర్వ సంబంధం నేరాన్ని తేలిక చేయదనీ వివరించింది. చట్టం గుర్తించిన ఈ అధికార అంతరాన్ని విలేకరి రెండు వాక్యాల్లో చెప్పగలడు, కానీ ఠాణా కాగితంలో అది సెక్షన్ల అంకెలుగా మాత్రమే ఉంటుంది.

వంచకుడి పట్ల ఈ మెతకదనం పత్రికలతోనే పుట్టలేదు. 1897లో అచ్చయిన గురజాడ 'కన్యాశుల్కం'లో సంస్కరణల మాటలతో బుచ్చమ్మను లేవదీసుకుపోయిన గిరీశం తెలుగువారికి ముద్దుల పాత్రయ్యాడు. అతని మాటలు కంఠస్థం చేసినవారికి బుచ్చమ్మ మాట ఒక్కటీ గుర్తుండదు.

బాధితురాలి గుర్తింపు బయటపెట్టడాన్ని న్యాయ సంహిత 72వ సెక్షన్ నిషేధిస్తుంది, పరోక్షంగానైనా ఆనవాళ్లు ఇవ్వరాదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు తీసేసి, 'ఫలానా గుంపులో ఉంటూ ఇంటర్ చదువుతున్న కూలీ కుమార్తె' అని రాస్తే నగర పాఠకుడికి ఆమె ఎవరో తెలియకపోవచ్చు గానీ, కొద్దిపాటి ఇళ్లున్న కోయగూడెంలో అందరికీ తెలిసిపోతుంది. అదే వార్తలో అతను 'మణుగూరుకు చెందిన ఓ యువకుడు'.