పేరు, పరిధి, విలువ

తెలుగు పాఠశాలలలో చదివిన పిల్లలు నేడు కంప్యూటరు సంస్థలలోను పని చేయుచున్నారు. "మా అబ్బాయి క్లౌడులో పని చేయుచున్నాడు" అని తలిదండ్రులు సంతోషముతో చెప్పుదురు. ఆ పని యెట్టిదని అడిగినచో "అదంతా ఇంగ్లీషండీ, మాకేమి తెలియును" అందురు. ఆ పనికి ఆధారమైన సూత్రములలో ఒకటి మన యిండ్లలో ప్రతిదినము వాడుకలో నున్నదే యని చూపుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఆ సూత్రమిది: పేరునకు దానంతట దానికి విలువ లేదు, అది ఏ పరిధిలో పలుకబడినదో ఆ పరిధియే దానికి విలువ నిచ్చును.

వర్లి బి.డి.డి. చాళ్లను 1920లలో నాటి బొంబాయి డెవలప్‌మెంటు డిపార్టుమెంటు కట్టించినది. నేలంతస్తుతో కలిపి నాలుగంతస్తులు, అంతస్తుకు ఇరువది గదులు, చాళ్ ఒక్కింటికి 80 గదులు. అట్టి చాళ్లు వర్లిలో 121 ఉండెడివి. ఒక చాళ్‌లోని వారు తమలో తాము "పన్నెండవ గది" అనుకొన్నచో సందేహమునకు తావు లేదు. అదే మాటను వీధిలో నిలిచి పలికినచో "ఏ చాళ్?" అని అడుగుదురు. అట్లే మన కామాటిపురలో పదవ గల్లీ కలదు. గిర్గాం చెంత ఖేత్‌వాడిలోను పదవ గల్లీ కలదు. ట్యాక్సీవానికి ఒట్టి "పదవ గల్లీ" అని చెప్పి కూర్చున్నచో ఎచ్చటికి చేరుదుమో చెప్పలేము.

మన భాషలో ఇంతకన్న చక్కని యుదాహరణము కలదు. "మేము రేపు దాదరు వెళ్లుచున్నాము" అన్నచో వినువాడు అందులో చేరడు. "మనము" అన్నచో వినువాడును చేరును. ఇంగ్లీషున ఈ రెంటికిని ఒకే మాట. ఎవరు పరిధిలో నున్నారు, ఎవరు వెలుపల నున్నారు అను వివేకమును తెలుగు బిడ్డ మూడేండ్లకే నోట పలుకును.

మన సంఘమునకు సంబంధించిన మాట నొకదానిని చూడుడు: "అల్పసంఖ్యాకులు". తెలుగువారు అల్పసంఖ్యాకులా? ఏ పరిధిలో అని అడుగనిదే ప్రత్యుత్తరము లేదు. టి.ఎం.ఏ. పాయ్ ఫౌండేషన్ వ్యాజ్యములో 2002 అక్టోబరు 31న సుప్రీంకోర్టు పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, అల్పసంఖ్యాకులెవరో నిర్ణయించుటకు రాష్ట్రమే ప్రమాణమని చెప్పినది. కావుననే విజయవాడలో అధికసంఖ్యాకుడైన తెలుగువాడు వర్లిలో అల్పసంఖ్యాకుడు. మనిషి అతడే, భాష అదే. పరిధి మారినది, విలువ మారినది. రాజ్యాంగము 30వ అధికరణమున ఇచ్చిన హక్కుతో మనము ఇచ్చట పాఠశాల నడుపుకొనుట ఆ విలువను బట్టియే.

ఇక కంప్యూటరు విషయమునకు వత్తము. పూర్వము సర్వరు కావలసిన సంస్థ యంత్రమును కొని తన గదిలో నెలకొల్పెడిది. నేడు పలువురు పెద్ద సంస్థల డేటా కేంద్రములలోని యంత్రములను అద్దెకు తీసికొనుచున్నారు. ఎన్ని సర్వరులు, ఏ ఊర, ఎంత శక్తి గలవి, వానిలోనికి ఎవరికి ప్రవేశము అను వివరములను ఒక పత్రమున వ్రాసినచో, దానిని చదివి ఆ యేర్పాటులను కల్పించు సాధనములు వచ్చినవి. వానిలో పేరొందినది టెర్రాఫార్మ్. మిచెల్ హషిమోటో, అర్మాన్ దాద్గర్ అనువారు స్థాపించిన హాషికార్ప్ సంస్థ దీనిని 2014లో విడుదల చేసినది. 2023లో దీనినుండి వేరుపడిన ఓపెన్‌టోఫునకును మేము క్రింద చెప్పు నియమములే వర్తించును.

ఎనిమిదవ తరగతి బాలునికి 2య + 3 అను సమాసమునకు విలువ కట్టుమన్నచో, "య విలువ ఎంత?" అని ముందుగా అడుగును. టెర్రాఫార్మును అదే చేయును. సర్వరు పేరును నేరుగా "వర్లి-బడి" అని వ్రాయక, "వార్.ఊరు" అను పేరునకు "-బడి" చేర్చుమని వ్రాసితిమి అనుకొందము. ఇది ఒక సమాసము. సాధనము మొదట ఇందులో ఏయే పేర్లు కలవో ఏరును. పిదప ఒక్కొక్క పేరును ఆ పరిధిలో వెదకును. "వార్" అని మొదలైనది వెలుపలినుండి ఇచ్చిన చలరాశి. "లోకల్" అని మొదలైనది ఆ పరిధిలోనే నిర్ణయించుకొన్నది. విలువలన్నియు దొరికిన పిమ్మటనే సమాసమునకు విలువ కట్టును. ఆ పేరు అచ్చట ప్రకటింపబడి యుండనిచో ఊహించి ముందుకు సాగదు. తప్పని చెప్పి ఆగిపోవును.

పేర్లతో ఈ శ్రమ యేల, విలువనే వ్రాయరాదా యని అడుగవచ్చును. వర్లి చాళ్ల పునర్నిర్మాణములో 2025 ఆగస్టున 556 క్రొత్త ఇండ్ల తాళపుచెవులు అందజేయబడినవి. ఇల్లు మారిన కుటుంబము రేషను కార్డు, బ్యాంకు, బడి రిజిస్టరు అన్నిచోట్ల చిరునామాను దిద్దించుకొనవలెను. అన్నిచోట్లను "మా యింటి చిరునామా" అను పేరు మాత్రమే యుండి, విలువ ఒక్కచోట నున్నచో ఒక్క దిద్దుబాటు చాలును గదా! చలరాశి చేయు మేలు ఇదియే.

పెద్ద పత్రములను మాడ్యూలులు అను భాగములుగా విభజింతురు. మాడ్యూలు ఒక్కొక్కటి ఒక్కొక్క పరిధి. తల్లి మాడ్యూలులోని పేర్లు పిల్ల మాడ్యూలునకు కనబడవు. కావలసిన విలువను తల్లి చేతికిచ్చి పంపవలెను, పిల్ల తిరిగి ఇచ్చిన దానినే తల్లి చూడగలదు. అందుచేత ఒకే పిల్ల మాడ్యూలును రెండుసార్లు పిలిచి, ఒకసారి "ముంబై" అనియు, ఒకసారి "హైదరాబాదు" అనియు ఇయ్యవచ్చును. లోపల పేరొకటే, విలువలు రెండు.

కొన్ని పేర్లకు జీవితము మరియు చిన్నది. మన ప్రోగ్రెసు కార్డులో "ఈ విద్యార్థి" అని అచ్చు వేసి యుండును. ఏ బిడ్డ కార్డులో నున్నచో ఆ బిడ్డకు అన్వయించును. కార్డు వెలుపల ఆ మాటకు అర్థము లేదు. టెర్రాఫార్ములో "ఈచ్" అను పేరు అట్టిది. ఒక పట్టికలోని ప్రతి వరుసకు ఒక సర్వరును కల్పింపుమన్న భాగములో మాత్రమే అది చెల్లును.

పత్రములో ముందు వ్రాసినది ముందు లెక్కింపబడు ననుకొనరాదు. ఒక విలువ మరియొకదానిపై ఆధారపడినచో ఆధారమైనదే ముందు తేలవలెను. రెండును ఒకదానిపై నొకటి ఆధారపడినచో, "నీవు ముందు" అని ఇద్దరు వాకిట నిలిచిపోయినట్లు, పని సాగదు; అదియు తప్పే. కొన్ని విలువలు ముందుగా తెలియనే తెలియవు. పదవ తరగతి పరీక్షకు దరఖాస్తు పెట్టునాడు సీటు నంబరు తెలియదు గదా! అట్లే ఇంకను పుట్టని సర్వరునకు చిరునామా తెలియదు. అట్టి తావున "అమలు పిమ్మట తెలియును" అని గుర్తు పెట్టి సాధనము ముందుకు పోవును.

పరిధి తెలియక పేరును నమ్మినచో ఏమగును? అమెజాన్ ముంబై విభాగము 2016లోను, హైదరాబాదు విభాగము 2022లోను తెరువబడినవి. వాని సంకేతములు ఏపీ-సౌత్-1, ఏపీ-సౌత్-2. ఏపీ యనగానే మనకు ఆంధ్రప్రదేశ్ తోచును. ఆ పట్టికలో అది ఏషియా పసిఫిక్; కనుకనే ముంబైయును ఏపీ యైనది. ఇది నవ్వుకొని పోదగిన పొరపాటు. అన్నియు అట్టివి కావు. 2017 ఫిబ్రవరి 28న అమెరికాలో అమెజాన్ ఉద్యోగి యొకడు కొద్ది సర్వరులను తొలగింప దలచి, ఆజ్ఞలో ఒక విలువను తప్పుగా ఇచ్చుటచే అనుకొన్నదానికన్న పెద్ద సమూహము తొలగిపోయినది. అనేక వెబ్‌సైట్లు కొన్ని గంటలు స్తంభించినవి. అది టెర్రాఫార్ముతో జరిగినది కాదు గాని, పాఠము ఒకటే. పరీక్ష కొరకు పెట్టిన నిల్వకును, ప్రజలు వాడు నిల్వకును ఒకే పేరుండవచ్చును. ఏ పరిధిలో నిలిచి "తొలగింపుము" అనుచున్నామో చూడనివాడు రెండవదానిని పోగొట్టును. అందుచేతనే ఈ సాధనము పని ప్రారంభించుటకు ముందు, ఎన్ని కల్పించునో, ఎన్ని మార్చునో, ఎన్ని తొలగించునో పట్టిక చూపును. దానిని చదువక సరే యనుట, చదువని కాగితముపై వ్రేలిముద్ర వేయుటయే.

ఇంగ్లీషు అక్కరలేదని మేము చెప్పము. ఆ భాషలోని పేర్లన్నియు ఇంగ్లీషువే, పిల్లలు వానిని శ్రద్ధతో నేర్వవలెను. కాని పేరు నేర్చుట వేరు, పరిధిని గుర్తించు బుద్ధి వేరు. రెండవది మాతృభాషలో ముందే నాటుకొనును. మీ బిడ్డ ఒక మాటకు అర్థమడిగినప్పుడు వెంటనే అర్థము చెప్పకుడు, "ఏ వాక్యములో చూచితివి?" అని అడుగుడు. లెక్క తప్పినప్పుడు "ఈ అంకె ఎచ్చటినుండి వచ్చినది?" అని అడుగుడు. ఈ రెండు ప్రశ్నలకు కంప్యూటరు అక్కరలేదు, రుసుము అక్కరలేదు, తలిదండ్రులకు ఇంగ్లీషు వచ్చి యుండవలసిన పనియు లేదు.