వార్తల్లో పదం: స్ట్రక్చర్డ్ ఆథరింగ్

తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల్లో ఒక క్రమం ఉంది. ప్రతి కీర్తనకూ ముందు రాగం పేరు, తర్వాత పల్లవి, చరణాలు. అధ్యాత్మ సంకీర్తనలు వేరు, శృంగార సంకీర్తనలు వేరు. యంత్రాల మాన్యువళ్లను అలా ముందే గీసుకున్న చట్రంలో రాయడమే స్ట్రక్చర్డ్ ఆథరింగ్.

ఇందులో రాసేవాళ్లు అక్షరాల సైజు, రంగు పట్టించుకోరు. ఇది హెచ్చరిక, ఇది చేయాల్సిన పని, ఇది ఫలితం అని ప్రతి ముక్కకూ ట్యాగు తగిలిస్తారు. అచ్చులో, ఫోన్‌లో ఎలా కనిపించాలో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

ఉదాహరణకు శ్రీసిటీలో తయారయ్యే ఏసీల లాంటి వస్తువునే తీసుకోండి. ‘మూత తీసే ముందు మెయిన్ స్విచ్ ఆపండి’ అన్న వాక్యం 20 మోడళ్ల మాన్యువళ్లలో ఉందనుకుందాం. దాన్ని మార్చాలంటే మామూలు ఫైళ్లలో 20 చోట్లా దిద్దాలి. ఒక్కటి మరిచినా మెకానిక్‌కు ముప్పే. ఈ పద్ధతిలో ఆ వాక్యం ఒకేచోట ఉంటుంది. అక్కడ దిద్దితే మళ్లీ తయారుచేసిన మాన్యువళ్లన్నింటిలోకీ వెళ్తుంది. తెలుగు, తమిళ అనువాదాలకూ మారిన ముక్కే పంపితే చాలు.

ఈ పద్ధతికి ఆధారం 1998లో ప్రమాణంగా వెలువడిన ట్యాగుల భాష ఎక్స్‌ఎంఎల్. దాని మీదే ఐబీఎం రూపొందించిన ‘డిటా’ అనే చట్రాన్ని 2005లో ఒయాసిస్ సంస్థ ప్రమాణంగా ఆమోదించింది. విమానాలు, రక్షణ పరికరాల మాన్యువళ్లకు ‘ఎస్1000డి’ అనే ప్రమాణం ఉంది.

చిక్కల్లా ఈ పద్ధతికి మారేటప్పుడే. పాత మాన్యువళ్లను ముక్కలు చేసి, ఒకే మాట పదిరకాలుగా ఉంటే ఒకటి ఖాయం చేయాలి. సాఫ్ట్‌వేర్ కొనడం తేలికే, అలవాటు మార్చుకోవడమే కష్టం.