నదీమూలము - మలుగుమూలము

నదీమూలమును, ఋషిమూలమును విచారింపరాదని పెద్దలు చెప్పుదురు. ఆ కోవలో చేర్పదగిన మూలము మరియొకటి కలదు. అది మలుగుచేప జన్మము. పామువలె మెలికలు తిరుగుచు, జిగురుమేనితో చేతికి చిక్కక జారిపోవు ఈ చేపను మానవుడు వేలయేండ్లుగా పట్టి తినుచున్నాడు. దానిని గూర్చి కథలు చెప్పుకొనుచున్నాడు. కాని అది ఎచ్చట పుట్టునో నూరేండ్ల క్రిందటి వరకు ఎవరికిని తెలియదు.

గోదావరీ తీరవాసులకు ప్రీతిపాత్రమైన బొమ్మిడాయి చూపునకు మలుగును పోలియుండును గాని, అది వేరొక కుటుంబమునకు చెందినది. నిజమైన మంచినీటి మలుగులు ఆంగ్విల్లా అను ప్రజాతిలోనివి. వాని నడవడి మిక్కిలి విచిత్రము. పులస సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు నదికి ఎదురెక్కును. మలుగు అందుకు విరుద్ధముగా నదులలోను, చెరువులలోను ఏండ్ల తరబడి పెరిగి, జీవితమున ఒక్కసారి గ్రుడ్లు పెట్టుటకై సముద్రమునకు పోయి, అచ్చటనే మరణించును. దాని పిల్లలు ప్రవాహములలో తేలుచు వచ్చి, మరల నదీముఖములను చేరును.

ఈ సంగతి తెలియుటకు ఎంత కాలము పట్టినదో చూడుడు. మలుగు కడుపులో గ్రుడ్లుగాని, బీజముగాని కానరాకపోవుటచే గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ అది తడినేల నుండి తనంతతానే పుట్టునని నిశ్చయించెను. 1876లో విద్యార్థిగా నున్న సిగ్మండ్ ఫ్రాయిడ్ ట్రియెస్ట్ నగరమున దాదాపు 400 మలుగులను కోసి, మగచేప బీజకోశములకై వెదకెను. తరువాతి కాలమున మానవుల మనోగహ్వరములను శోధించిన ఆ మేధావికి ఈ చేప రహస్యము మాత్రము పూర్తిగా చిక్కలేదు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యోహానెస్ ష్మిట్ 1904 మొదలుకొని అట్లాంటిక్ మహాసముద్రమును గాలించెను. మలుగుపిల్లలు ఏ దిక్కున అంతకంతకు చిన్నవిగా దొరకుచుండెనో ఆ దిక్కుననే సాగిపోయి, ఐరోపా మలుగు జన్మస్థానము సర్గాసో సముద్రమని 1920 తరువాతి తొలియేండ్లలో ప్రకటించెను. జపాను మలుగు గ్రుడ్లు 2009లో మరియానా దీవులకు పశ్చిమమున దొరకినవి.

పుట్టుక తెలియకున్నను, దాని దారి తెలిసినవారు పూర్వమే యుండిరి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు నైరుతి భాగమున గుండిజ్మారా అను ఆదిమజాతి నివసించుచున్నది. వారు మలుగును కూయాంగ్ అందురు. బడ్జ్ బిమ్ అగ్నిపర్వతము నుండి పారి గడ్డకట్టిన నల్లరాతిని పేర్చి, వారు కాలువలను, కట్టలను, మడుగులను నిర్మించిరి. ఏ ఋతువున ఏ నీరు ఎటు పారునో, ఆ నీటితో మలుగు ఎటు పోవునో యెరిగి, కాలువల ఇరుకులలో అల్లిక బుట్టలు అమర్చి పట్టుచుండిరి. కొన్నిటిని మడుగులలో నిలిపి పెంచుచుండిరి. ఈ నిర్మాణములలో ప్రాచీనమైనవి 6,600 సంవత్సరముల నాటివి. వలసవచ్చిన తెల్లవారు పందొమ్మిదవ శతాబ్ది చివర మొదలుకొని కాండా సరస్సు నీటిని వెడలగొట్టి, ఆ నేలను పశువుల మేతకు మార్చిరి. గుండిజ్మారాలు పట్టు విడువలేదు. 2010లో క్రొత్త కట్టతో సరస్సున నీరు మరల నిలిచినది. 2019లో యునెస్కో ఈ ప్రదేశమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

పసిఫిక్ దీవులవారికి మలుగు బంధువు వంటిది. సమోవా దీవులలో సీనా అను కన్య కథ చెప్పుకొందురు. ఆమె పెంచిన చిన్న మలుగు పెద్దదై, ఆమెను ప్రేమించి వెంటాడెను. తుదకు చనిపోవుచు, తన తలను పాతిపెట్టుమని కోరెను. అచ్చట మొలచినదే మొదటి కొబ్బరిచెట్టు. టెంకాయ పీచు ఒలిచినప్పుడు కనబడు మూడు గుంటలలో మనము ముక్కంటిని తలచుకొందుము. వారు ఆ మలుగు కన్నులను, నోటిని చూతురు. న్యూజీలాండు మావోరీలు మలుగును టునా అందురు. అచ్చటి నదులపై జలవిద్యుత్తునకై కట్టిన ఆనకట్టలు ఎగువకు వచ్చు పిల్లలకు అడ్డుగోడలైనవి. సముద్రమునకు దిగిపోవు పెద్ద మలుగులు యంత్రచక్రములలో పడి నలిగిపోవుచున్నవి. అందుచే కొన్ని తావులలో ఆనకట్టల క్రింద చేరిన పిల్లలను పట్టి, ఎగువ నీటిలో విడుచుచున్నారు. ఈ పనిలో మావోరీలును పాలుగొనుచున్నారు.

ఇక భోజనప్రియుల సంగతి. ఇంగ్లండులో 1086 నాటి డూమ్స్‌డే భూమి లెక్కలలో మలుగులరూపమున చెల్లించు శిస్తులు కనబడును. జపానులో ఎనిమిదవ శతాబ్దికి చెందిన మన్యోషూ అను కవితాసంకలనమునందే, వేసవిలో చిక్కిపోయినవానికి మలుగు తినుమని హాస్యముగా హితవు చెప్పు పద్యము కలదు. నేటికిని ఆ దేశీయులు నడివేసవిలో ఎద్దుదినమున మలుగును కాల్చి తిందురు. ఈ గిరాకీని తీర్చుటకు మలుగులను చెరువులలో పెంచుచున్నారు. అయితే ఆ చెరువులలో విడుచు పిల్లలన్నియు ఇంచుమించుగా నదీముఖములలో వలవేసి పట్టినవే. 2010లో జపాను శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పుట్టి పెరిగిన మలుగులచేతనే గ్రుడ్లు పెట్టించి పిల్లలను పొందిరి గాని, ఆ విధానము గిరాకీని తీర్చగల స్థితికి రాలేదు. కోడిని పొదిగించినట్లు మలుగును పొదిగింపలేము. తిన్న ప్రతి మలుగును సముద్రము ఇచ్చిన అప్పే. అప్పు పెరిగినది, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము 2008లో ఐరోపా మలుగును అత్యంత ప్రమాదస్థితిలో నున్న జీవులలోను, 2014లో జపాను మలుగును ప్రమాదస్థితిలో నున్న జీవులలోను చేర్చినది.

అరిస్టాటిల్‌కు తెలియనిది నేటి పాఠశాల బాలునకు తెలియును. అయినను, మూలము తెలిసినంత మాత్రమున మలుగు మిగులదు. గుండిజ్మారాలకు దాని జన్మస్థానము తెలియదు. దాని దారిని వేలయేండ్లు కాపాడిరి. మన దేశపు నదులలోను ఒక మలుగుజాతి కలదు. అదియు పెరిగి పెద్దదై సముద్రమునకు పోవలసినదే. దాని పిల్లలు తిరిగి రావలసినవే. నదికి అడ్డముగా ఏ కట్ట కట్టినను, దిగిపోవు తల్లికి, ఎగబ్రాకు పిల్లకు ఇంత త్రోవ విడుచుట మన చేతిలోని పని.